గూగుల్‌లో కొడితే యాహూ వస్తోందా? బ్రౌజర్ హైజాక్‌ను తీసే సరైన వరుస

నేను బెంగళూరులోని మారతహళ్ళికి వచ్చి చేరినప్పటి నుంచి నెలకు రెండు మూడుసార్లైనా ఈ ఫోన్ వస్తుంది. "అన్నా, అడ్రస్ బార్‌లో ఏం కొట్టినా ఇంకేదో సైటు మీదుగా యాహూకి పోతోంది. సెట్టింగ్స్‌లో గూగుల్ పెట్టాను. పొద్దున లేచి చూస్తే మళ్ళీ అదే." పీజీలో పక్క గది కుర్రాడు అడుగుతాడు, వైట్‌ఫీల్డ్‌లో ఉండే అక్క అడుగుతుంది, అనంతపురం నుంచి బాబాయ్ అడుగుతాడు. మీకు తెలియకుండా ఏదో ప్రోగ్రామ్ బ్రౌజర్ సెట్టింగ్స్‌ను లాక్కోవడాన్నే బ్రౌజర్ హైజాక్ అంటారు. ఫోన్‌లో సగం చెప్పి సగం వదిలేసే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

అందరూ చేసే తప్పు ఒక్కటే. సెర్చ్ ఇంజిన్ మార్చడంతో మొదలుపెడతారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. పైన ట్యాంకు పొంగుతుంటే కింద నేల తుడుస్తూ కూర్చున్నట్టు, దాన్ని మారుస్తున్న ప్రోగ్రామ్ లోపలే ఉండగా మీరు ఎన్నిసార్లు గూగుల్ పెట్టినా లాభం లేదు. అందుకే కింద చెప్పిన వరుస తప్పకండి.

## 1. ముందు ఇది హైజాకేనా?

విండోస్ టాస్క్‌బార్‌లోని సెర్చ్ పెట్టెలో టైప్ చేస్తే ఎడ్జ్ తెరుచుకుని బింగ్ ఫలితాలు వస్తాయి. అది మైక్రోసాఫ్ట్ పెట్టిన ఏర్పాటు. కొత్త ల్యాప్‌టాప్‌లో ఎడ్జ్ తెరిస్తే బింగ్ రావడం కూడా మామూలే. ఈ రెండింటికీ కంగారు పడొద్దు.

హైజాక్ లక్షణాలు వేరు:

- వెతికిన వెంటనే అడ్రస్ బార్‌లో తెలియని పేరు ఒక్క క్షణం మెరిసి, తర్వాత యాహూ గానీ బింగ్ గానీ తెరుచుకోవడం
- మీరు పెట్టని హోమ్ పేజీ, కొత్త ట్యాబ్ పేజీ
- మీరు వేసుకున్నట్టు గుర్తులేని ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్)
- సెట్టింగ్ మార్చినా బ్రౌజర్ మళ్ళీ తెరిచేసరికి పాతదే రావడం

యాహూనో బింగో కనిపించిందని తప్పు వాళ్ళదనుకోకండి. మధ్యలో మెరిసిన ఆ పేరే అసలు దొంగ. మీ వెతుకులాటను తన దారిన తిప్పి, ఆ ప్రకటనల డబ్బులో వాటా తీసుకుంటుంది. ఆ పేరు కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. పట్టుకోలేకపోతే ఫోన్‌తో స్క్రీన్‌ను వీడియో తీసి, ఆపి ఆపి చూడండి.

## 2. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగండి

బెంగళూరులో ఉన్న మనలో సగం మంది చేతిలో కంపెనీ ల్యాప్‌టాపే ఉంటుంది. దాంట్లో పాలసీలు (బ్రౌజర్ ఎలా నడవాలో అడ్మిన్ పెట్టే నియమాలు), ప్రాక్సీలు (నెట్ రాకపోకలను మధ్యలో తమ మీదుగా తిప్పే సర్వర్లు), తీయడానికి వీల్లేని ఎక్స్‌టెన్షన్లు ఉండటం సహజం. వాటిని ఐటీ వాళ్ళే పెడతారు. ఈ వ్యాసం చదివి రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) చెయ్యి పెడితే వీపీఎన్ పోతుంది, మీ మీద ఎస్కలేషన్ కూడా రావచ్చు. టికెట్ వేసి, రాసుకున్న పేరు అందులో పెట్టి ఊరుకోండి.

ఇక్కడి నుంచి చెప్పేదంతా సొంత కంప్యూటర్‌కే.

## 3. సిద్ధం చేసుకోవాల్సినవి

గంటన్నర పడుతుంది. స్కాన్‌కు ఇంకా ఎక్కువే పట్టొచ్చు. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక కూర్చోండి.

- ఛార్జర్ పెట్టి ఉంచండి
- బుక్‌మార్క్ మేనేజర్ తెరిచి, మూడు చుక్కల్లోంచి బుక్‌మార్క్స్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి
- స్టార్ట్ మెనూలో "క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్" అని వెతికి ఒక రిస్టోర్ పాయింట్ పెట్టుకోండి, ఏదైనా తేడా వస్తే విండోస్‌ను ఈ స్థితికి వెనక్కి తెచ్చుకోవచ్చు
- మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి
- ఏదైనా వెతకాల్సి వస్తే ఫోన్‌లో వెతకండి, పాడైన బ్రౌజర్‌లో వద్దు

పాస్‌వర్డ్‌లు కూడా ఎక్స్‌పోర్ట్ చేయొచ్చు గానీ చేయొద్దంటాను. ఆ ఫైలు తెరిచిన ఎవరికైనా చదవడానికి వీలుగా ఉంటుంది. లోపల దొంగ ఉన్న ఇంట్లో నగలన్నీ తీసి టేబుల్ మీద పరిచినట్టే.

ఇంకో హెచ్చరిక. ఆ దొంగ పేరు కొట్టి "ఎలా తీసేయాలి" అని వెతికితే పేజీలకు పేజీలు వస్తాయి. చాలావాటిలో చివరికి తేలేది "మా క్లీనర్ దింపుకోండి" అన్న మాటే. అది స్కాన్ ఉచితంగా చేసి, భయపెట్టే ఎర్ర అంకెలు చూపించి, తీయడానికి డబ్బులు అడుగుతుంది. ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. "ఫార్మాట్ కొట్టాలి" అని చెప్పే షాపుకీ ఇప్పుడే పరిగెత్తక్కర్లేదు.

## 4. దొంగ ఎక్కడున్నాడు? మూడు పరీక్షలు

ఈ ఐదు నిమిషాలు పెడితే తర్వాత గంట మిగులుతుంది.

మొదటిది. క్రోమ్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ విండో తెరవండి. దాంట్లో మీ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు. అక్కడ సరిగ్గా ఉంటే తప్పు చాలావరకు మీ ప్రొఫైల్‌లో, అంటే ఎక్స్‌టెన్షన్‌లో గానీ సెట్టింగ్‌లో గానీ ఉన్నట్టు.

రెండోది. అదే కంప్యూటర్‌లో ఇంకో బ్రౌజర్‌తో వెతకండి. అక్కడా అదే తంతు అయితే విండోస్‌లోనే ఏదో కూర్చుంది.

మూడోది. అదే వైఫై మీద ఫోన్‌లో వెతకండి, తర్వాత మొబైల్ డేటా మీద వెతకండి. వైఫై మీద మాత్రమే తేడా వస్తే అనుమానం రౌటర్ మీదకు పోతుంది. పీజీల్లో రౌటర్ పాస్‌వర్డ్ పెట్టెతో పాటు వచ్చిందే ఉండిపోతుంది కాబట్టి ఇది అసంభవమేమీ కాదు. అప్పుడు కంప్యూటర్ ఎంత కడిగినా వృథా. రౌటర్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించాలి.

## 5. సింక్ ఆపండి

చాలామంది దాటేసే మెట్టు ఇదే. మీరు ఇక్కడ ఎక్స్‌టెన్షన్ తీస్తారు. ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్‌లో అదే గూగుల్ ఖాతా ఉంటుంది. అక్కడి నుంచి అది సింక్ దారిన, అంటే ఒకే ఖాతా ఉన్న కంప్యూటర్లన్నిటిలో సెట్టింగ్స్, ఎక్స్‌టెన్షన్లు ఒకేలా ఉంచే ఏర్పాటు దారిన, మళ్ళీ దిగుతుంది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో "యూ అండ్ గూగుల్" కింద సింక్ టర్న్ ఆఫ్ చేయండి. ఈ కంప్యూటర్‌లోని డేటా కూడా చెరిపేయాలా అని ఒక టిక్ పెట్టె అడిగితే టిక్ పెట్టకండి. ఎడ్జ్‌లో ప్రొఫైల్స్ కింద, ఫైర్‌ఫాక్స్‌లో సింక్ విభాగంలో ఇదే పని చేయాలి.

తర్వాత క్రోమ్ సెట్టింగ్స్‌లో "సిస్టమ్" కిందకు వెళ్ళి, బ్రౌజర్ మూసినా వెనకాల యాప్‌లు నడిచే ఆప్షన్ ఆపేయండి. ఇది ఆన్‌లో ఉంటే మీరు మూశాననుకున్న క్రోమ్ నిజంగా మూతపడదు.

## 6. విండోస్‌లోంచి ప్రోగ్రామ్ తీయండి

విండోస్ 11లో సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. విండోస్ 10లో యాప్స్ అండ్ ఫీచర్స్. జాబితాను ఇన్‌స్టాల్ చేసిన తేదీ వరుసలో పెట్టండి. గోల మొదలైన రోజు, దాని ముందు రోజు ఏమేం వచ్చాయో చూడండి.

సాధారణంగా అనుమానించాల్సినవి: ఉచిత పీడీఎఫ్ కన్వర్టర్, వీడియో డౌన్‌లోడర్, "పీసీ ఆప్టిమైజర్", డ్రైవర్ అప్‌డేటర్, టూల్‌బార్, మీకు తెలియని బ్రౌజర్. విండోస్‌నో ఆఫీస్‌నో దొంగదారిన యాక్టివేట్ చేసే టూల్ వాడి ఉంటే, మొహమాటం లేకుండా దాన్నే మొదటి ముద్దాయి అనుకోండి.

అన్‌ఇన్‌స్టాల్ నొక్కాక వచ్చే పెట్టెల్ని చదవండి. "ఉంచుకుంటాను" అనే బటన్‌ను పెద్దగా రంగుల్లో, "తీసేయి" అనేదాన్ని మూలన బూడిద రంగులో పెట్టే అలవాటు వీటికుంది.

అడోబ్, ఇంటెల్, రియల్‌టెక్, ఎన్‌విడియా పేర్లున్నవాటిని తెలియక తీసేయకండి. విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని అరడజను కనిపిస్తాయి, అవి ఉండాల్సినవే.

## 7. వెనకాల నడిచే పనులు ఆపండి

దీన్ని కింద 8వ విభాగంలోని పాలసీల పని కంటే ముందు పెట్టడానికి కారణముంది. కొన్ని హైజాకర్లు, పనుల్ని వాటంతట అవే నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక పని పెట్టుకుంటాయి. మీరు చెరిపిన పాలసీని, ఎక్స్‌టెన్షన్‌ను అది మళ్ళీ రాస్తుంది. 2024 ఆగస్టులో రీజన్‌ల్యాబ్స్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టిన దాడి అచ్చం ఇలాంటిదే. షెడ్యూలర్‌లోని పని పవర్‌షెల్ (విండోస్‌లో ఆదేశాలు నడిపే టూల్) స్క్రిప్ట్ నడిపి, రిజిస్ట్రీ ద్వారా ఎక్స్‌టెన్షన్లను బలవంతంగా ఎక్కించింది. క్రోమ్, ఎడ్జ్ వాడేవాళ్ళు కనీసం 3 లక్షల మంది దాని బారిన పడ్డారు.

స్టార్ట్ మెనూలో టాస్క్ షెడ్యూలర్ అని వెతికి తెరవండి. ఎడమవైపు "టాస్క్ షెడ్యూలర్ లైబ్రరీ" నొక్కండి. ఒక్కో పని మీద నొక్కి కింద "యాక్షన్స్" ట్యాబ్ చూడండి. అనుమానించాల్సినవి:

- పవర్‌షెల్‌ను గానీ, ఏదైనా స్క్రిప్ట్ ఫైలును గానీ నడిపేవి
- యాప్‌డేటా ఫోల్డర్‌లోంచి వింత పేరున్న ఫైలు నడిపేవి
- బ్రౌజర్‌ను తెరిచి, పక్కన ఒక సైటు అడ్రస్ ఉన్నవి

వెంటనే డిలీట్ కొట్టకండి. ముందు "డిజేబుల్" చేయండి. వారం రోజులు అంతా బాగుంటే అప్పుడు తీసేయండి. గూగుల్ అప్‌డేట్, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అప్‌డేట్, వన్‌డ్రైవ్ పేర్లతో ఉండేవి సాధారణంగా అసలువే. అయినా యాక్షన్స్‌లో ఫైలు దారి చూడండి, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు.

తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, స్టార్టప్ యాప్స్‌లో తెలియనివాటిని డిజేబుల్ చేయండి.

## 8. "మీ సంస్థ నిర్వహిస్తోంది" అంటోందా?

సొంత ల్యాప్‌టాప్, ఏ కంపెనీకీ సంబంధం లేదు, అయినా క్రోమ్ మెనూలో కింద "మేనేజ్డ్ బై యువర్ ఆర్గనైజేషన్" అని కనిపిస్తుంది. ఎక్స్‌టెన్షన్ పక్కన తీసేసే బటనే ఉండదు. సెర్చ్ ఇంజిన్ మార్చే చోట తాళం వేసినట్టు ఉంటుంది. అందరూ చేతులెత్తేసేది ఇక్కడే. హైజాకర్ ఇక్కడ ఐటీ అడ్మిన్ వేషం వేసింది, అంతే.

అయితే ఒక మాట. కొన్ని యాంటీవైరస్‌లు, పిల్లల కోసం పెట్టే కంట్రోల్ యాప్‌లు కూడా ఈ మాట కనిపించేలా చేస్తాయి. అందుకని ముందు చూసి తేల్చుకోండి.

అడ్రస్ బార్‌లో ఇంగ్లీషు అక్షరాల్లో క్రోమ్ అని, తర్వాత కోలన్, రెండు స్లాష్‌లు, పాలసీ అని ఖాళీ వదలకుండా కొట్టండి. పాలసీల జాబితా వస్తుంది. "ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ ఫోర్స్‌లిస్ట్", "డిఫాల్ట్ సెర్చ్ ప్రొవైడర్" అన్న మాటలున్న వరుసల్ని చూడండి. మీరు కాగితం మీద రాసుకున్న పేరు అక్కడ కనిపిస్తే దొరికాడు.

తీసే పద్ధతి:

1. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కి, రెగ్‌ఎడిట్ అని కొట్టి ఎంటర్ నొక్కండి.
2. హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, పాలసీస్, గూగుల్, క్రోమ్ వరకు ఒక్కొక్కటీ తెరుచుకుంటూ వెళ్ళండి.
3. ఆ క్రోమ్ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి "ఎక్స్‌పోర్ట్" చేయండి. ఇది మీ బీమా, దాటేయకండి.
4. తర్వాత ఆ క్రోమ్ ఫోల్డర్‌ను డిలీట్ చేయండి.
5. హెచ్‌కీ కరెంట్ యూజర్ కింద కూడా అదే దారిలో ఉంటే అదే చేయండి.
6. ఎడ్జ్‌కు అయితే పాలసీస్ కింద మైక్రోసాఫ్ట్, ఎడ్జ్.
7. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి పాలసీ పేజీ మళ్ళీ చూడండి.

దారిలో "పాలసీస్" అన్న మాట తప్పకుండా ఉండాలి. సాఫ్ట్‌వేర్ కింద నేరుగా గూగుల్ అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది, అది అసలు క్రోమ్‌ది, దాని జోలికి పోవద్దు. చెయ్యి వణికితే ఈ పని తెలిసినవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

రీస్టార్ట్ తర్వాత పాలసీ మళ్ళీ ప్రత్యక్షమైతే, పైన 6, 7 విభాగాల్లో చెప్పిన పనుల్లో ఏదో మిగిలిపోయినట్టే.

## 9. ఎక్స్‌టెన్షన్లు, షార్ట్‌కట్లు, ప్రాక్సీ

క్రోమ్‌లో మూడు చుక్కలు, ఎక్స్‌టెన్షన్స్, మేనేజ్ ఎక్స్‌టెన్షన్స్. ఫైర్‌ఫాక్స్‌లో యాడ్‌ఆన్స్ అండ్ థీమ్స్. పేరు చూసి మోసపోకండి. మా పిన్ని కూతురు రెజ్యూమె పీడీఎఫ్‌లు రెండు కలపడానికి ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకుంది. పీడీఎఫ్‌లు కలిశాయి కూడా. దాంతోపాటు సెర్చ్ కూడా పోయింది. పని చేసిపెడుతుంది కాబట్టి దాని మీద అనుమానమే రాలేదు పాపం.

ఎవరో తేల్చుకోలేకపోతే అన్నిటినీ ఆపేయండి. ఒక్కొక్కటీ ఆన్ చేస్తూ ప్రతిసారీ ఒక మాట వెతికి చూడండి. దొరికినదాన్ని ఆపి వదిలేయకుండా "రిమూవ్" చేయండి. సెట్టింగ్స్‌లో సెర్చ్ ఇంజిన్ దగ్గర "ఫలానా ఎక్స్‌టెన్షన్ దీన్ని నియంత్రిస్తోంది" అని క్రోమే పేరు చెప్పేస్తుంది చాలాసార్లు, ముందు అక్కడ చూడండి.

డెస్క్‌టాప్ మీది బ్రౌజర్ షార్ట్‌కట్‌పై కుడి క్లిక్, ప్రాపర్టీస్, "టార్గెట్" పెట్టె. బ్రౌజర్ ఫైలు పేరు తర్వాత సైటు అడ్రస్ గానీ, లోడ్ ఎక్స్‌టెన్షన్ అన్న మాట గానీ ఉంటే ఆ షార్ట్‌కట్ తీసేసి, స్టార్ట్ మెనూలోంచి కొత్తది పెట్టుకోండి. ప్రొఫైల్ డైరెక్టరీ అని ఉంటే మామూలే. టాస్క్‌బార్‌కు పిన్ చేసిన బొమ్మను కూడా తీసి మళ్ళీ పిన్ చేయండి.

సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ప్రాక్సీలో మీరు పెట్టని ప్రాక్సీ ఆన్‌లో ఉంటే ఆపేయండి.

## 10. స్కాన్

విండోస్ సెక్యూరిటీ తెరిచి, స్కాన్ ఆప్షన్స్‌లో ఫుల్ స్కాన్ నడపండి. తర్వాత మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇది కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే వెతుకుతుంది. తెరిచి ఉన్న ఫైళ్ళు సేవ్ చేసుకోండి.

రెండో అభిప్రాయం కావాలంటే మాల్వేర్‌బైట్స్ వాళ్ళ ఆడ్‌డబ్ల్యూక్లీనర్ ఉచితం, ఇలాంటి చిల్లర దొంగల కోసమే చేసింది. దాన్ని వాళ్ళ సొంత సైటు నుంచే దింపుకోండి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రం కూడా ఉచిత టూల్స్ ఇస్తుంది.

పాత వీడియోల్లో చెప్పే క్రోమ్‌లోని "క్లీన్ అప్ కంప్యూటర్" కోసం వెతక్కండి. గూగుల్ 2023లోనే దాన్ని తీసేసింది.

## 11. ఇప్పుడు సెర్చ్ ఇంజిన్ మార్చండి

సెట్టింగ్స్, సెర్చ్ ఇంజిన్, మేనేజ్ సెర్చ్ ఇంజిన్స్. మీకు కావాల్సినదాన్ని డిఫాల్ట్ చేయండి, ఆ తర్వాతే దొంగ పేరును డిలీట్ చేయండి. డిఫాల్ట్‌గా ఉన్నదాన్ని తీయనివ్వదు, "డిలీట్ కనిపించట్లేదన్నా" అని అడిగేది ఇందుకే. అలాగే ఇవి కూడా:

- ఆన్ స్టార్టప్: తెలియని పేజీలు తీయండి
- అప్పియరెన్స్: హోమ్ బటన్ అడ్రస్ చూడండి
- సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్: "అలౌ" జాబితాలో తెలియని సైటు ప్రతిదీ తీయండి

ఇన్నీ చూసే ఓపిక లేకపోతే క్రోమ్‌లో "రీసెట్ సెట్టింగ్స్" నొక్కండి. సెర్చ్, హోమ్, స్టార్టప్ మొదటికొస్తాయి, ఎక్స్‌టెన్షన్లు ఆగిపోతాయి, కుకీలు పోతాయి. బుక్‌మార్కులు, హిస్టరీ, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో హెల్ప్ కింద ట్రబుల్‌షూటింగ్ పేజీలో "రిఫ్రెష్" ఉంటుంది, అది ఎక్స్‌టెన్షన్లను పూర్తిగా తీసేస్తుంది.

## 12. మ్యాక్, ఆండ్రాయిడ్

మ్యాక్‌లో అప్లికేషన్స్ ఫోల్డర్, లాగిన్ ఐటెమ్స్, సఫారీ ఎక్స్‌టెన్షన్లు చూడండి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో "ప్రొఫైల్స్" అని వెతకండి. మీరు పెట్టని ప్రొఫైల్ ఉంటే తీసేయండి, సెర్చ్‌కు తాళం వేసేది అదే.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు ఉండవు. తప్పు ఏదో యాప్‌ది, లేదా నోటిఫికేషన్ అనుమతిది. ఈమధ్య వేసిన టార్చ్, క్లీనర్, వాల్‌పేపర్, లాంచర్ యాప్‌లు తీసి, ప్లే స్టోర్‌లోని ప్లే ప్రొటెక్ట్ స్కాన్ నడపండి. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో "డివైస్ అడ్మిన్" అని వెతికి, దాని అనుమతి తీసేసి మళ్ళీ ప్రయత్నించండి.

## 13. పాస్‌వర్డ్‌లు

"మీరు తెరిచే అన్ని సైట్లలోని డేటా చదువుతుంది, మారుస్తుంది" అన్న అనుమతి ఆ ఎక్స్‌టెన్షన్‌కు ఉండి ఉంటే, అది ఉన్న రోజుల్లో మీరు కొట్టిన పాస్‌వర్డ్‌లు బయటపడ్డాయనే అనుకోండి. శుభ్రం చేశాకే మార్చండి, ముందు మార్చితే కొత్తది కూడా దాని కళ్ళ ముందే కొట్టినట్టవుతుంది. మొదట ఈమెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో తెలియని పరికరాలుంటే సైన్ అవుట్ చేయించండి.

ఖాతాలోంచి డబ్బు పోయిందని తేలితే ఇదంతా పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, వెంటనే బ్యాంకుకూ చెప్పండి.

## 14. మూడు రోజుల గమనింపు

- రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ అడ్రస్ బార్‌లో ఏదో ఒక మాట వెతికి చూడండి
- పాలసీ పేజీ రోజుకొకసారి తెరవండి
- మూడో రోజు, మిగతా కంప్యూటర్లలోనూ ఆ ఎక్స్‌టెన్షన్ తీశాకే సింక్ ఆన్ చేయండి

సింక్ ఆన్ చేసిన గంటలోనే తిరిగొస్తే అది మీ ఖాతాలోనే దాగి ఉన్నట్టు. మళ్ళీ సింక్ ఆపి, సెట్టింగ్స్‌లో సింక్ అయిన డేటాను చూసే పేజీ తెరిచి, గూగుల్ సర్వర్లలోని కాపీని చెరిపేయండి. మీ కంప్యూటర్‌లోని బుక్‌మార్కులు దాంతో పోవు. ఎక్స్‌టెన్షన్‌ను మళ్ళీ తీసి, అప్పుడు సింక్ మొదలుపెట్టండి.

సింక్ ఆపి ఉన్నా తిరిగొస్తే కొత్త బ్రౌజర్ ప్రొఫైల్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసుకున్న బుక్‌మార్కులు అందులోకి ఎక్కించండి. అందులోనూ వస్తే విండోస్ సెట్టింగ్స్‌లో "రీసెట్ దిస్ పీసీ", "కీప్ మై ఫైల్స్". మీ ఫొటోలు, డాక్యుమెంట్లు ఉంటాయి, వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. వాటిని మళ్ళీ వేసుకునేటప్పుడు ఇన్‌స్టాలర్ "రికమెండెడ్" చూపిస్తే "కస్టమ్" ఎంచుకుని, పక్కన తగిలించిన టిక్‌లు తీసేసి ముందుకెళ్ళండి. ఆ పీడీఎఫ్ కన్వర్టర్ మాత్రం మళ్ళీ వేయకండి.